‘డిపెండ్’ అంటే వేలాడటమేనా?

సందేహం: మా కోడలు అమెరికాలో డిపెండెంట్ వీసా మీద ఉంది. ఆ మాటంటేనే ఆమెకు చిరాకు. పైగా డిపెండ్ అంటే అసలర్థం వేలాడటమని మావాడు ఏడిపిస్తున్నాడట. ఇది నిజమేనా? మనం వాడే ‘ఆధారపడు’ దానికి సరైన మాటేనా? ‘అది వాతావరణం మీద ఆధారపడి ఉంటుంది’ అనొచ్చా? (ఒక పాఠకురాలు, తెనాలి)

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి ఆమెను ఏడిపించడం బాగాలేదు గానీ, చెప్పిన మాట మాత్రం నిజమే. లాటిన్‌లో ‘దే’ అంటే కిందికి, ‘పెందేరె’ అంటే వేలాడటం. రెండూ కలిసి ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి దిగాయి. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో కూడా ఈ క్రియకు మొదటి అర్థం వేలాడటమనే రాశాడు. పైన కొక్కెం, దానికి వేలాడుతూ ఒక వస్తువు. కొక్కెం ఊడితే వస్తువు గతి అంతే కదా, అక్కణ్ణుంచే ‘ఒకదాన్ని బట్టి ఇంకొకటి’ అనే అర్థం పుట్టుకొచ్చింది. మెడలో పెండెంట్, గోడ గడియారంలో పెండ్యులం, ఆఫీసులో పెండింగు ఫైలు, సస్పెండైన గుమస్తా, కడుపులో అపెండిక్స్, అన్నీ ఆ కొక్కేనికి తగిలించినవే.

ఇంతటితో ఆపితే మీ సందేహం సగం తీరినట్టే, కానీ నాకు ఆపాలని లేదు. ఈ ‘పెందేరె’కి ‘పెందెరె’ అని ఒక తోబుట్టువు ఉంది. తేడా ఒక్క దీర్ఘమే, అది రోమను లిపిలో కనపడి చావదు, మన లిపిలో చూడండి ఎంత చక్కగా కనిపిస్తోందో. ఈ రెండోదానికి వేలాడదీయటం, తూచటం, చెల్లించటం అని అర్థాలు. వేలాడటానికీ తూకానికీ సంబంధమేమిటంటారా? మా ఊరి కిరాణా కొట్లో దూలానికి తక్కెడ వేలాడుతూ ఉండేది. కొట్టాయన ఒక పళ్లెంలో చింతపండు పడేసి చెయ్యి తీసేవాడు. ముల్లు అటూ ఇటూ ఊగి ఊగి నిలబడేదాకా మా అమ్మ దాని మీదనుంచి చూపు తిప్పేది కాదు, ఆయన కూడా నోరు మెదిపేవాడు కాదు. వేలాడదీయకుండా తూచటం ఆ రోజుల్లో మాకు తెలియదు. తూచాక డబ్బు చెల్లించాలి, పూర్వం ఆ డబ్బు కూడా తూచి ఇచ్చే లోహమే. అలా ‘చెల్లింపు’ అనే అర్థంలోంచి వచ్చినదే పెన్షన్, మన ఊళ్ళల్లో పింఛను. తెలంగాణలో 2014లో ‘ఆసరా పింఛను’ అని పేరు పెట్టారు చూశారా, అందులో మొదటి మాట సంస్కృతం ‘ఆశ్రయం’ హిందీలో అరిగి ఆస్రా అయి మనదాకా వస్తే, రెండోది రోము తక్కెడలోంచి దిగింది.

ఇప్పుడు అసలు సంగతి. మన ‘తూగు’ క్రియ ఎప్పుడైనా గమనించారా? ఉయ్యాల తూగుతుంది. బియ్యం బస్తా ఇరవై అయిదు కిలోలు తూగుతుంది. మధ్యాహ్నం పప్పన్నం తిన్న నాలాంటివాడు పడక్కుర్చీలో తూగుతాడు. ఊగటం, బరువు చూపటం, కునుకు తీయటం, మూడూ ఒక్క మాటలోనే. కన్నడంలోనూ ‘తూగు’ అంటే ఊగటం, తూచటం. తమిళంలో ‘తూంగు’ అంటే వేలాడటం, నిద్రపోవటం కూడా. లాటిన్‌తో ఏ చుట్టరికమూ లేని ద్రావిడ భాషలు కూడా తక్కెడను చూసి అదే దారిలో ఆలోచించాయన్నమాట. నాకైతే ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటగానే ఉంటుంది. మన పిల్లలకు తూనిక యంత్రం మీద ఎర్ర అంకెలు తప్ప ముల్లు ఊగటమే తెలియకుండా పోయింది, ఇక ‘మాటకి తగిన తూకం’ అంటే ఏం బోధపడుతుంది!

సంస్కృతం ఇంకా దగ్గరికి వస్తుంది. అక్కడ ‘లంబ’ ధాతువుకు వేలాడటమని అర్థం. లంబోదరుడంటే వేలాడే బొజ్జ ఉన్నవాడు, విలంబమంటే ఆలస్యం, అంటే మన పెండింగే. దానికి ‘కిందికి’ అని చెప్పే ‘అవ’ చేర్చితే ‘అవలంబ’. ‘దే’ ప్లస్ ‘పెందేరె’, ‘అవ’ ప్లస్ ‘లంబ’, ఒకే అచ్చులో పోసిన రెండు నాణేలు. అంటే డిపెండ్‌కి ముక్కకు ముక్క సరిపోయే మాట మన దగ్గర ముందే ఉంది, అవలంబించటం. కానీ దాన్ని ఏం చేశాం? ‘కొత్త విధానాన్ని అవలంబిస్తున్నారు’ అని ప్రెస్ నోట్లలో తగలేశాం. ఇక ‘స్వావలంబన’ను ముక్కలు చేసి చూస్తే తనను తానే పట్టుకుని వేలాడటం. ఎవరైనా చేసి చూపిస్తే చూడాలని ఉంది.

మరి ‘ఆధారం’? ఇది వేలాడే మాట కానే కాదు. ‘ధృ’ అంటే మోయటం, నిలబెట్టటం. ధరణి, ధర్మం అందులోంచి వచ్చినవే. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ‘ఆధారోఽధికరణమ్’ అన్నాడు, అంటే పని జరగటానికి ఆధారమైన చోటు అధికరణమని, దానికి పెద్దలు చెప్పే ఉదాహరణ ‘చాప మీద కూర్చున్నాడు’. చాప ఆధారం. అంటే మోసేది కిందనుంది. ఇంగ్లీషువాడు పైనుంచి వేలాడుతుంటే మనం కింద చాప పరుచుకుని కూర్చున్నాం. అందుకే ఆధారపడటానికి ‘మీద’ అన్న మాట అతికినట్టు సరిపోతుంది. నిజానికి తిక్కగా ఉన్నది ఇంగ్లీషే, వేలాడుతూ ‘ఆన్’ అంటుంది. ఫ్రెంచివాళ్ళు ‘నుంచి’ అనే అర్థం వచ్చే ‘దె’ వాడతారు, అది న్యాయంగా ఉంది.

కాబట్టి ‘ఆధారపడు’ తప్పని నేననను. ముసలి తల్లి కొడుకు మీద ఆధారపడి బతుకుతోంది అంటే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు, అక్కడ నిజంగానే ఒకరి బరువు ఇంకొకరు మోస్తున్నారు. నా తగువల్లా మీ వాతావరణంతోనే. ‘అది వాతావరణం మీద ఆధారపడి ఉంటుంది’, ‘రేటు సైజు మీద ఆధారపడి ఉంటుంది’, ‘ఎప్పుడొస్తానన్నది ట్రాఫిక్ మీద ఆధారపడి ఉంటుంది’. ట్రాఫిక్ మీద ఎవరమ్మా చాప వేసుకుని కూర్చునేది? ఇవన్నీ ఇంగ్లీషులో అనుకుని తెలుగులో పలికిన మాటలు. తెలుగువాడైతే ‘సైజును బట్టి రేటు’ అంటాడు, రెండు మాటలు మిగులుతాయి కూడా. ఈ ‘బట్టి’ ఎవరనుకున్నారు, ‘పట్టి’యే. ముందున్న ‘ను’ (వ్యాకరణంలో దీన్ని ద్రుతమంటారు) పక్కన పరుషమైన ‘ప’ సరళమై ‘బ’ అయింది. ‘మనిషిని బట్టి మాట’ అంటే మనిషిని పట్టుకుని చూసి మాట్లాడటం. వేలాడటమూ లేదు, చాప మీద చతికిలబడటమూ లేదు, చేత్తో పట్టుకోవటమే. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టు అన్న సామెతలోనూ ఉన్నది ఆ పట్టే, కాకపోతే పట్టుకున్నది కుక్కతోక.

మనుషుల మీద, వాన మీద పెట్టుకునే ఆశకైతే ‘నమ్ముకొను’ ఉండనే ఉంది. ‘వానను నమ్ముకుని విత్తనం వేశాం’ అనే రైతు ‘మా విత్తనం వర్షపాతం మీద ఆధారపడి ఉంది’ అంటాడా ఎప్పుడైనా? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత, అంటే ఈ మాటలో మోసపోయే అవకాశం కూడా కలిసే ఉంది. ఆధారపడులో అది లేదు, అది వట్టి ఇంజనీరు మాట.

ఇక్కడ పోతన్నను తలుచుకోకపోతే నాకు నిద్రపట్టదు. మొసలి నోట కాలు చిక్కిన ఏనుగుకు ఇక ఆసరా అన్నది లేదు. అప్పుడది ఏమంటుంది? ‘లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను’. విలోలమంటే ఊగిసలాడేది. (అందులో ‘లంబ’ ఉందనుకునేరు, లేదు, అది విలోలకు ‘ంబు’ చేరింది.) ఠావు అంటే నిలిచే చోటు. పైన ధైర్యం ఊగిపోతోంది, కింద ప్రాణాలు చోటు తప్పాయి. కొక్కెమూ పోయింది, చాపా పోయింది! మిగిలింది ‘నీవే తప్ప నితఃపరం బెఱుగ’ అన్న పట్టు ఒక్కటే. ఆధారమన్న మాట గానీ అవలంబమన్న మాట గానీ ఈ పద్యంలో లేదు, చూసుకోండి. ఆ ఏనుగే కాస్త ముందు ‘కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో’ అని అనుమానపడింది కూడా. నమ్ముకోవటంలో ఆ అనుమానం ఎలా దాగి ఉంటుందో పోతనకు తెలిసినంతగా మన అనువాదకులకు తెలిసుంటే ఎంత బావుండేదో.

మా మనవణ్ణి ఆదివారం భోజనానికి వస్తావా అని అడిగితే ‘డిపెండ్స్ తాతయ్యా’ అన్నాడు. దేని మీద అని అడిగాను. దేని మీదా కాదట, ఊరికే డిపెండ్స్ అట. ‘చూద్దాం తాతయ్యా’ అంటే నోరేమన్నా అరిగిపోతుందా?

సరే, మీ కోడలి విషయం. డిపెండెంట్‌కి తెలుగు చెప్పమంటే నాకూ ఇబ్బందిగానే ఉంది. ‘ఆశ్రితురాలు’ అందామంటే రాజుగారి కొలువులో వంగి నిలబడ్డట్టుంటుంది, ‘ఆధారపడిన వ్యక్తి’ అందామంటే దవాఖానా ఫారం గుర్తొస్తుంది. సింగరేణిలో జనం ‘డిపెండెంట్ ఉద్యోగం’ అనే అంటున్నారు, అందరికీ అర్థమవుతూనే ఉంది. అలాగే ఉండనివ్వండి, కావాలంటే తర్వాత మార్చుకుందాం. పైగా 2015 నుంచి ఆ డిపెండెంట్ వీసాల్లో ఒకటైన హెచ్-4 మీద ఉన్నవాళ్ళలో కొందరికి ఉద్యోగం చేసుకునే అనుమతి ఇస్తున్నారు, అంటే పేరుకు డిపెండెంటయినా మొగుడికంటే ఎక్కువ తెచ్చే ఇల్లాళ్ళు కూడా ఉండే ఉంటారు. మీ అబ్బాయి ఈసారి వేలాడటం గురించి ఎత్తితే, ఆమె మెడలోని పెండెంటుదీ అదే ధాతువనీ, దాన్ని కొని తగిలించవలసిన బాధ్యత ఎవరిదో నిఘంటువులో రాయలేదనీ చెప్పమనండి.