ఔట్‌సోర్సింగ్‌లో చేసి మానేయాల్సి వస్తే నిరుద్యోగ భృతి వస్తుందా?

"ప్రభుత్వ ఆఫీసులో ఐదున్నరేళ్లు ఔట్‌సోర్సింగ్ ఆపరేటరుగా చేశాను, జీతం రూ.18,500. పోయిన నెల తీసేశారు. మాజీ ప్రభుత్వ ఉద్యోగులకు నిరుద్యోగ భృతి ఇస్తారట, నిజమేనా?" అని అడిగారు. నేనూ అలాంటి కుర్చీలోనే ఏడేళ్లు కూర్చుని లేచినవాణ్ని. నాకు తెలిసింది చెబుతాను.

మాజీ ప్రభుత్వ ఉద్యోగి అన్న పేరు మీద మన దేశంలో నిరుద్యోగ భృతి ఏదీ లేదండి. రెగ్యులర్ వాళ్లకే లేదు. పాత పింఛను కింద ఉన్న కేంద్ర ఉద్యోగిని డిస్మిస్ చేస్తే పింఛనూ గ్రాట్యుటీ రెండూ పోతాయి. మరీ జాలిపడాల్సిన కేసైతే పింఛను నియమాల్లోని 41వ రూలు కింద కంపాషనేట్ అలవెన్సు ఇవ్వొచ్చు, అదీ రావాల్సినదాంట్లో మూడింట రెండు వంతులు దాటకుండా. ఇక ఆంధ్రప్రదేశ్‌లో 2018లో నెలకు రూ.1,000తో మొదలుపెట్టిన నిరుద్యోగ భృతి చదువుకుని ఉద్యోగం వెతుక్కునే కుర్రవాళ్ల కోసం. ఉన్న ఉద్యోగం పోయినవాళ్ల కోసం పెట్టింది కాదు. ఈ రెండూ కలిసిపోయి మీ దాకా ఆ మాట వచ్చి ఉంటుంది.

పైగా కాగితాల మీద మనం ప్రభుత్వ ఉద్యోగులమే కాదు. పని చెప్పేది సూపరింటెండెంటు, సంతకం పెట్టేది ఆఫీసు రిజిస్టర్లో, జీతం వేసేది మాత్రం ఏజెన్సీ. నన్ను తీసేసిన రోజు "మీ యజమాని మేము కాదు, ఏజెన్సీని అడగండి" అన్నారు. ఏడేళ్లు చేసినచోట ఆ మాట వినడం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. కానీ చివరికి నాకు డబ్బు వచ్చింది ఆ మాట వల్లే. ఏజెన్సీ మనిషిని కాబట్టే నాకు ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉంది.

మీ పే స్లిప్ తీసి చూడండి. నెలనెలా రూ.139 దాకా ఈఎస్ఐ కింద కోసి ఉంటే (మన వాటా 0.75 శాతం) మీరు బీమా ఉన్న కార్మికుడే. జీతం రూ.21,000 లోపు ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. ఈఎస్ఐలో 2018 జులై నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటి ఉంది. పని పోయినవాళ్లకు జీవితంలో ఒక్కసారి, గరిష్ఠంగా 90 రోజులకు, సగటు రోజు కూలిలో సగం ఇస్తారు. మొదట్లో పావు వంతే ఉండేది, కరోనా కాలంలో సగం చేశారు. గడువు పెట్టి, అది తీరే వేళకు మళ్లీ పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి దరఖాస్తు పెట్టే ముందు ఇప్పుడు అమల్లో ఉందో లేదో బ్రాంచ్ ఆఫీసులో ఒక మాట కనుక్కోండి.

సగటు ఎలా తీస్తారంటే, చివరి నాలుగు చందా కాలాల (ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి) మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు. మీకు రెండేళ్లూ 18,500 చొప్పున పడి ఉంటే రూ.4,44,000. రోజుకు 608, అందులో సగం 304, తొంభై రోజులకు సుమారు రూ.27,370. బతుకు మారిపోయే డబ్బేం కాదు గానీ మూడు నెలల అద్దె టెన్షన్ తగ్గుతుంది.

కనీసం రెండేళ్లు బీమా ఉన్న ఉద్యోగంలో ఉండాలి. పని పోవడానికి ముందున్న చందా కాలంలో 78 రోజులు, అంతకుముందు మూడింటిలో ఏదో ఒకదానిలో ఇంకో 78 రోజులు చందా కట్టి ఉండాలి. పని పోయిన ముప్పై రోజుల తర్వాత అడగొచ్చు. ఆ మధ్యలో వేరే పనిలో చేరితే రాదు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మధ్యలో టెండరు మారి కొత్త ఏజెన్సీ వచ్చింది. వాళ్లు నా పాత ఈఎస్ఐ నంబరు అడగలేదు, కొత్తది తీశారు. నేనూ పట్టించుకోలేదు, కార్డు చేతికొస్తే చాలనుకున్నాను. తీరా దరఖాస్తు పెట్టేసరికి కొత్త నంబరు మీద పద్నాలుగు నెలల చందాయే కనిపించింది, అర్హత లేదని చూపించింది. ఆధార్, రెండు ఏజెన్సీల పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని బ్రాంచ్ ఆఫీసు చుట్టూ తిరిగి రెండు నంబర్లూ కలిపించుకునేసరికి రెండున్నర నెలలు. కలిశాక మాత్రం డబ్బు నేరుగా ఖాతాలో పడింది, ఎవరి చేతులూ తడపలేదు. కాబట్టి మీరు ఈ రోజే ఈఎస్ఐ పోర్టల్లో మీ నంబరుతో లాగిన్ అయ్యి ఎన్ని నెలలు కనిపిస్తున్నాయో చూసుకోండి. పీఎఫ్‌కూ ఇదే గొడవ ఉంటుంది, యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) రెండు ఉన్నాయేమో చూడండి. పీఎఫ్‌లో ఏజెన్సీ మీ చివరి తేదీ వేయకపోతే చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు.

గ్రాట్యుటీ సంగతి. ఐదేళ్లూ ఒకే ఏజెన్సీ అయితే గట్టిగా అడగండి. మారి ఉంటే లెక్క మళ్లీ మొదటికొచ్చిందంటారు, అప్పుడు లేబర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. తీసేసేటప్పుడు ఏజెన్సీ వాళ్లు ఒక తెల్ల కాగితం ఇచ్చి "ఊరికే ఫార్మాలిటీ, వ్యక్తిగత కారణాల వల్ల మానేస్తున్నానని రాసివ్వండి, చివరి జీతం వెంటనే వేస్తాం" అంటారు. నాతోనూ అన్నారు. పక్క సెక్షన్లో చేసిన అక్క ఒకావిడ "రాయకు తమ్ముడూ" అని చెవిలో చెప్పబట్టి ఆగాను. పైన చెప్పిన ఈఎస్ఐ పథకం పని పోయినవాళ్లకు గానీ, తమంతట తాము మానేసినవాళ్లకు కాదు. నెలవారీ చందా వేసేటప్పుడు మీకు పనిరోజులు సున్నా అని చూపిస్తే ఏజెన్సీ దానికి ఒక కారణం ఎంచుకోవాలి. అక్కడ ఉద్యోగం మానేశారని పెట్టారా, రిట్రెంచ్‌మెంట్ (వాళ్లే తీసేశారు) అని పెట్టారా అన్నది చూసుకోండి. తప్పుగా ఉంటే ఏజెన్సీకి ఈమెయిల్ పెట్టి, దాని కాపీ దాచుకోండి. నోటిమాటకు విలువ ఉండదు.

మీరు అలాంటి కాగితం మీద ఇప్పటికే సంతకం పెట్టారా? అది చెబితే తర్వాత ఏం చేయొచ్చో రాస్తాను.