పాత ఎమ్‌జీబీ కొన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. 1969 ఎమ్‌జీబీ రోడ్‌స్టర్, పైకప్పు లేని ఆ ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు! నా దగ్గర పదిహేనేళ్లుగా ఉన్నదీ ఆ కాలపు బండే కాబట్టి నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి నా మనసు అక్కడే తిరుగుతోంది. ఫొటోల కింద రాసిన జాబితా కూడా చదివాను. కొత్త పెయింటు, పెద్ద కామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులు తెరిచే కడ్డీ), వెబర్ కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కిచ్చేది), వెడల్పు టైర్లు. ఆ వరస తప్పురా. బండి ముందు గట్టిగా ఉండాలి, తరవాత ఆగాలి, ఆ తరవాత చెప్పినట్టు తిరగాలి. పరుగు సంగతి చివర్లో చూసుకోవచ్చు.

ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఎముకల గూడు. పైకప్పు కూడా లేదు కాబట్టి తలుపుల కింద పొడుగునా ఉండే సిల్స్ మీదే ముందు భాగం, వెనక భాగం కలిసి నిలబడతాయి. సిల్ బయటి రేకు ఒక్కటే చూసి సంతోషపడకు. లోపల ఇంకో రెండు పొరల రేకు ఉంటుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. అయస్కాంతం తీసుకుని సిల్స్ మీద, ముందు మడ్‌గార్డుల కింది కొసల్లో, వెనక చక్రాల పైనుండే వంపుల చుట్టూ పెట్టి చూడు. అతుక్కోలేదంటే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. తలుపుకీ బాడీకీ మధ్య సందు పైన ఇరుగ్గా, కింద వెడల్పుగా ఉంటే బండి నడుం వంగిందని అర్థం. అలాంటప్పుడు పెయింటు మాటే ఎత్తకు.

నా బండి సిల్స్ మార్చినప్పుడు జరిగింది నీకు జరగకూడదు. వెల్డింగ్ చేసినాయన రెండు సిల్సూ ఒకేసారి కోసేశాడు. అడ్డంగా ఇనుప కమ్మీలు కట్టలేదు. తలుపులు ముందే ఊడదీశాడు. కొత్త సిల్స్ అతికించాక తలుపులు బిగించబోతే పట్టలేదు. వెల్డింగంతా మళ్లీ కోసి మొదటికి రావాల్సి వచ్చింది, నాలుగు నెలలు పోయాయి. అందుకని తలుపుల స్థానంలో బలమైన కమ్మీలు బిగించి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోమని చెప్పు. ప్రతి దశలోనూ తలుపు పెట్టి సందులు చూడమను. ఆయనకు విసుగొచ్చినా పట్టు వదలకు.

తరవాత బ్రేకులు. రబ్బరు హోసులన్నీ పారేయి, పైకి బాగున్నా సరే. లోపల రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోతే, పెడల్ వదిలాక కూడా ఆ చక్రం బ్రేకు పట్టుకునే ఉంటుంది. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. సర్వో, అంటే పెడల్ నొక్కడానికి సాయం చేసే పరికరం, పెడితే కాలికి శ్రమ తగ్గుతుంది, అంతే. బండి ముందుకన్నా తక్కువ దూరంలో ఆగుతుందని అనుకోకు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు సరిగ్గా పనిచేస్తే, ఒక టన్ను కూడా తూగని ఈ బండికి ఆ బ్రేకులు చాలు. పెట్రోలు పైపుల సంగతీ అంతే. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరుకి అది పడదు. కారిన పెట్రోలు వేడి ఇంజిన్ మీద పడిందంటే బండి కాలిపోతుంది.

వైరింగ్ గురించి, ఆ కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీ పేరు చెప్పి అందరూ భయపెడతారు. నేను చూసిన రోగాల్లో చాలావరకు ఎర్త్ తీగ బాడీకి తగిలే చోట పట్టిన తుప్పే. కనెక్షన్లు ఒక్కొక్కటీ విప్పి, శుభ్రం చేసి బిగిస్తే సగం టెన్షన్ పోతుంది. హెడ్‌లైట్ల కరెంటంతా స్విచ్చిలోంచే వెళ్తుంది కాబట్టి వాటికి రిలేలు (స్విచ్చి మీద భారం పడకుండా కరెంటు కలిపేవి), ఫ్యూజులు పెట్టించు. సీట్ల వెనక ఉండే రెండు ఆరు వోల్టుల బ్యాటరీల బదులు ఒక్క పన్నెండు వోల్టులది పెట్టుకో.

ఇంతవరకు చేసి ఆగు. ఏమీ మార్చకుండా వెయ్యి కిలోమీటర్లు నడుపు. నడిపితేనే నీ బండికి ఏం కావాలో నీకు తెలుస్తుంది. తరవాత ఒక్కోసారి ఒక్కటే మార్చు. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది బాగుచేసిందో, ఏది చెడగొట్టిందో తేలదు.

నన్నడిగితే మొదటి మార్పు ముందు సస్పెన్షన్ బుష్షులు, అంటే దాని కీళ్లలో ఉండే రబ్బరు తొడుగులు. ఇదే బండిలో పెద్ద ఇంజిన్ రకమైన ఎమ్‌జీబీ జీటీ వీ8కి వచ్చిన రబ్బరు బుష్షులు దీనికీ సరిపోతాయి. చిన్న ఖర్చు, కానీ స్టీరింగ్‌లో తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది. బండిని జాకీ మీద లేపి, చక్రాల మీద బరువు లేకుండా కింగ్‌పిన్లకు (ముందు చక్రాలు పక్కకు తిరిగే ఇరుసులకు) గ్రీజు కొట్టు, అప్పుడే గ్రీజు లోపలికంటా చేరుతుంది. నా బండి స్టీరింగ్ బరువుగా ఉందని నెలలపాటు ఏవేవో మార్చాను, చివరికి కావలసింది గ్రీజే. లివర్ షాకులు (పాత రకం షాక్ అబ్జార్బర్లు) కారుతుంటే బాగుచేయించు, పారేయకు. టైర్లు 165 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. సన్న టైరు జారేముందు మెల్లగా చెప్పి జారుతుంది, ఈ బండిలో ఉన్న సుఖం అదే. వెడల్పువి వేస్తే స్టీరింగ్ మొద్దుబారుతుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడు, మొదటి రెండూ వారం, తరవాతవి సంవత్సరం. అరగకపోయినా పదేళ్లు దాటినవి వద్దు.

ఇంజిన్ 1798 సీసీ, మొండి ఘటం. స్పార్కు కోసం కరెంటును కలిపి విడదీసే పాత పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టు. హెడ్ విప్పినప్పుడు సీసం లేని పెట్రోలుకి తట్టుకునే గట్టి వాల్వ్ సీట్లు వేయించు. జింక్ తగినంత ఉన్న ఆయిలే వాడు, లేకపోతే కామ్ అరుగుతుంది. ఎస్‌యూలు, అంటే బండికి వచ్చిన రెండు కార్బురేటర్లు, తీసేయకు. వాటి పైనుండే డాష్‌పాట్ గొట్టాల్లో ఆయిల్ ఉందో లేదో చూసి, రెండిటినీ సమానంగా సర్దితే ఆ ఇంజిన్ తక్కువ స్పీడులోనే ఎంత హాయిగా లాగుతుందో చూస్తావు. పెద్ద కామ్‌షాఫ్ట్ వేస్తే ఆ లాగుడే పోతుంది. మలుపుల రోడ్డు మీద మూడో గేర్లో నీకు కావలసింది అదే కదా. దానికి పెట్టాలనుకున్న డబ్బు ఓవర్‌డ్రైవ్‌కి, అంటే అదే వేగంలో ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరుకి, పెట్టు. నీ గేర్‌బాక్సుకి అది ఉంటే మూడు, నాలుగు గేర్లలో పనిచేస్తుంది, దూర ప్రయాణంలో ఇంజిన్ గోల తగ్గుతుంది.

పెయింటు రంగు మీ అత్తయ్యతో మాట్లాడి తేల్చుకో, నాకు పట్టింపు లేదు. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు మాత్రం రెండు తలుపుల సందులూ పైనా కిందా టేపుతో కొలిచి, ఆ అంకెలు నాకు పంపు. అవి చూశాకే కోతకు ఒప్పుకో.

మీ మామయ్య