మొదటి ఆల్బమ్‌కు ముందు

అమ్మలూ,

నువ్వు ఆస్టిన్ నుంచి పంపిన డెమో పాటలన్నీ విన్నాను. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి అని అడిగావు. చెబుతాను. ముందు ఈ వారం మిగతా పనులు ఆపి అమెరికన్ గాయకుడు గ్రామ్ పార్సన్స్ ‘జీపీ’ విను. తన పేరుతో ఆయన చేసిన మొదటి ఆల్బమ్ అది, 1973 జనవరిలో వచ్చింది.

అప్పటికి ఆయన కొత్తవాడేమీ కాదు. 1968లో బర్డ్స్ అనే రాక్ బృందంతో, ఆ మరుసటి ఏడాది ఫ్లయింగ్ బరిటో బ్రదర్స్‌తో రికార్డులు చేసి, పాత కంట్రీ పాటను, అంటే అమెరికా పల్లెల పాటను, రాక్ వినే కుర్రకారు దగ్గరికి తీసుకెళ్లినవాడు. అయినా సొంత ఆల్బమ్‌లోని పదకొండు పాటల్లో ఐదు ఇతరులు రాసినవే పెట్టుకున్నాడు. నువ్వేమో అన్నీ నీవే ఉండాలంటున్నావు. ఎందుకమ్మా ఆ పట్టుదల?

‘స్ట్రీట్స్ ఆఫ్ బాల్టిమోర్’ చూడు. 1966లోనే బాబీ బేర్ పాడిన పాట. భార్య ముచ్చట తీర్చడానికి ఒకతను పొలం అమ్మి నగరానికి కాపురం మారుస్తాడు. ఫ్యాక్టరీలో ఒళ్లు హూనం చేసుకుంటాడు. ఆమెకు మాత్రం ఆ వీధి దీపాలే లోకమైపోతాయి. చివరికి వచ్చిన రైల్లోనే ఒంటరిగా వెనక్కి వెళ్లిపోతాడు. పార్సన్స్ ఎక్కడా గొంతు పెంచడు, జరిగింది జరిగినట్టు చెప్పుకుపోతాడు. నువ్వు ప్రతి చరణం చివరా ‘గుండె పగిలింది’ అంటున్నావు. రైలెక్కించు చాలు, పగిలిన సంగతి మాకు తెలుస్తుంది.

ఆ రికార్డుకు ఎల్విస్ ప్రెస్లీ దగ్గర వాయించేవాళ్లనే పిలిపించుకున్నాడు: గిటారుకు జేమ్స్ బర్టన్, పియానోకు గ్లెన్ హార్డిన్, డ్రమ్స్‌కు రోనీ టట్. తనకంటే ఎంతో అనుభవమున్నవాళ్ల మధ్య నిలబడడానికి జంకలేదు. అంతటి బర్టన్ కూడా గాయకుడు మాట పూర్తి చేసేదాకా ఆగి, ఆ ఖాళీలో నాలుగు స్వరాలు పలికిస్తాడు. నీ స్నేహితుడి గిటారుకు ఆ ఓపిక నేర్పాలి. మొహమాటపడకుండా చెప్పు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎమ్మిలూ హారిస్ గొంతు. అప్పుడామె వాషింగ్టన్ క్లబ్బుల్లో పాడుకుంటోంది. పార్సన్స్‌ది తీర్చిదిద్దిన గొంతు కాదు, పై స్వరాల్లో వణుకుతుంది. ఆమె ఆ వణుకును కప్పిపెట్టదు. అతను ఎక్కడ తగ్గితే అక్కడ తగ్గుతూ, పక్కనే నడుస్తుంది. ‘దట్స్ ఆల్ ఇట్ టుక్’ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. నువ్వు నీ గొంతు మీద నీ గొంతునే మళ్లీ రికార్డు చేసి పేర్చావు. అది తీసెయ్యి. నీతో కలిసి పాడే మనిషిని వెతుక్కో. ఇద్దరూ ఒకే గదిలో ఎదురెదురుగా నిలబడి, ఒకరి ఊపిరి ఒకరు చూసుకుంటూ పాడండి.

పెద్ద నిర్మాత దొరకలేదని బెంగపడకు. పార్సన్స్ కంట్రీ గాయకుడు మెర్ల్ హగ్గార్డ్‌ను నిర్మాతగా కోరుకున్నాడు, కుదరలేదు. హగ్గార్డ్ సౌండ్ ఇంజనీర్ హ్యూ డేవిస్‌ను పెట్టుకుని పని కానిచ్చాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మద్యం, మత్తుమందులు కలిసి 1973 సెప్టెంబరు 19న కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ అనే ఊళ్లో పార్సన్స్‌ను పొట్టన పెట్టుకున్నాయి. ఇరవయ్యారేళ్లే. రెండో ఆల్బమ్ అతను పోయాక వచ్చింది. అర్ధరాత్రి దాకా సాగే కచేరీలు, ఆ తర్వాత సాగే పార్టీలు నీకూ ఉంటాయి. నిద్ర, తిండి మానుకుని చేసే సంగీతం నాకు వద్దు.

‘జీపీ’ అప్పట్లో అమ్ముడుపోలేదు. కానీ 1975లో ఎమ్మిలూ ‘పీసెస్ ఆఫ్ ద స్కై’ చేసినప్పుడు బర్టన్, హార్డిన్, టట్ ఆమె వెనక ఉన్నారు. లెక్కలు రాసుకునేటప్పుడు ఇలాంటివి కూడా రాసుకో.

ఇక నీ పాటలు. ఇంగ్లీషులో రాసిన ప్రేమ పాటలు మూడూ ఒకేలా ఉన్నాయి, ఒకటి చాలు. అమ్మమ్మ మీద రాసినది డ్రమ్స్ లేకుండా మళ్లీ పాడు. హైవే పాటలో రెండో చరణం కొట్టెయ్యి. ఖాళీ అయిన చోట్లలో నీకు ప్రాణమైన పాత పాటలు రెండు పెట్టు, హక్కుల అనుమతి ముందే తీసుకో. స్టూడియో బుక్ చేసేలోపు పాటల కొత్త వరుసక్రమం పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న