ఐక్యరాజ్య సమితి ఏఐ తీర్మానాలతో విశాఖవాసులకు పనేమిటి?

ఆ తీర్మానాలలో చాలావరకు చట్టబద్ధంగా కట్టడి చేసేవి కావు. 2021లో యునెస్కో ఆమోదించిన నైతిక సిఫార్సులు గానీ, 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ ఆమోదించిన, డిజిటల్ సాంకేతికతపైనా ఏఐపైనా సాగే గ్లోబల్ డిజిటల్ కాంపాక్ట్ అనే ఒప్పందం గానీ దేశాలు పరస్పరం ఇచ్చుకున్న మాటలే. 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టానికి జరిమానా విధించే బలం ఉంది గానీ, అది ఆ మార్కెట్టుకే పరిమితం.

అయినా ఆ మాటలు మనకు కావాలనే నా అభిప్రాయం. మన ఫిషింగ్ హార్బరులో చేపలు అమ్ముకునే ఒకామె తన ఫోనులో "రేపు గాలేటైనా ఉంటాదా?" అని అడిగితే, తెరమీద "రేపు గాలి ఏటి నీరు" అని పడింది, ఆమె మరో రెండుసార్లు అడిగి, ఫోను కొంగున చుట్టేసి, పక్క పడవవాళ్లను కనుక్కుంది. ఉత్తరాంధ్ర యాస, ఏఐ నేర్చుకునే శిక్షణ సమాచారంలోకి తగినంతగా చేరకపోతే ఇలాంటి తప్పులే వస్తాయి, ఆ సమాచారంలో ఏముండాలో నిర్ణయించేది మాత్రం ఎక్కడో దూరాన ఉన్న కొద్ది సంస్థలు.

అందుకే, 2025 ఆగస్టులో సర్వప్రతినిధి సభ ఆమోదించిన, ఏఐ ప్రభావాలను అంచనా వేసే 40 మంది సభ్యుల స్వతంత్ర శాస్త్రీయ మండలిలో ఒకే దేశస్థులు ఇద్దరికి మించి ఉండరాదన్న నిబంధనను నేను చాలా ముఖ్యమైనదిగా భావిస్తున్నాను.