తలకు పట్టీ బిగించమంటున్నారు, బిగించాలా?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. బెంగళూరులో ఒక సీజన్ రేసులాడి బయటికొచ్చిన థరోబ్రెడ్ ఆడగుర్రాన్ని పోయినేడు కొన్నాను, ఇప్పుడు దానికి ఐదేళ్లు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సేజ్ (రౌతు సైగలకు గుర్రం లయగా అడుగులు వేసి చూపించే పోటీ) జట్టు బంగారు పతకం గెలిచినప్పటి నుంచి నాకూ ఆ పిచ్చి పట్టుకుంది. దీని ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం) చూస్తే దారిన పోయేవాళ్లు కూడా నిలబడిపోతారు, కాళ్లు అంత ఎత్తుకు లేపి వేస్తుంది. కానీ ఎక్కినంతసేపూ టెన్షనే. తల పైకెత్తేస్తుంది, పళ్లు నూరుతుంది, తోక విదిలిస్తుంది, మోటారు షెడ్డు మూల దాటేటప్పుడు పక్కకు దూకుతుంది. పగ్గాలు బిగబట్టి ఆపబోతే ఇంకా ముందుకు దూసుకుపోతుంది. తల కిందికి దిగేలా పట్టీ కట్టమని ఒకరు, ఉలవలు మానేయమని ఒకరు, అలిసిపోయేదాకా తిప్పి ఆ తర్వాత ఎక్కమని ఒకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి? వచ్చే ఏడాది పోటీకి తీసుకెళ్లొచ్చా?
— ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: పట్టీ మాత్రం కట్టొద్దు. జర్మన్ పద్ధతిలో గుర్రం శిక్షణకు ఆరు మెట్లున్నాయి. అందులో మొదటిది అడుగుల లయ, రెండోది ఒళ్లు వదులు కావడం, పగ్గాలతో ఒద్దిక కుదరడం మూడోది. పట్టీ కట్టమన్నవాళ్లు మిమ్మల్ని మొదటి రెండూ వదిలేసి నేరుగా మూడో మెట్టు ఎక్కమంటున్నారు. నడుం బిగుసుకుని కిందికి దిగిపోయింది కాబట్టే తల పైకి లేస్తోంది. పట్టీతో తల దించితే నడుం బిగువు అలాగే ఉంటుంది, పైగా కదల్లేనన్న భయం తోడవుతుంది. ఇంకెవరైనా ఊరేగింపు గుర్రాల ముళ్ల కళ్లెం వేయమంటే అసలు వినొద్దు, 1965 నాటి కేంద్ర నిబంధనలే దాన్ని నిషేధించాయి.

స్వారీ సంగతికి ముందు ఒంట్లో నొప్పి ఏమైనా ఉందేమో చూపించండి. గుర్రానికి సుమారు ఐదేళ్లు వచ్చేదాకా పళ్లు మారుతూనే ఉంటాయి, అంచులు పదునెక్కి బుగ్గ లోపల గీసుకుంటుంటే కళ్లెం తగిలినప్పుడల్లా నరకమే. గుర్రాలు చూసే డాక్టరు చేత నోరు తెరిపించి చూపించండి. అలాగే కడుపు. గుర్రం తిన్నా తినకపోయినా దాని కడుపులో యాసిడ్ ఊరుతూనే ఉంటుంది, రేసుల నుంచి వచ్చిన వాటికి కడుపులో పుండ్లు చాలా మామూలు, పళ్లు నూరడం దానికి ఒక గుర్తు కావచ్చు. ఖాళీ కడుపుతో ఎప్పుడూ ఎక్కొద్దు, జీను వేసే ముందు కాస్త గడ్డి తిననివ్వండి. ఉలవలు పూర్తిగా మానేయనక్కర్లేదు కానీ చేసే పనికి మించి పెడుతుంటే తగ్గించి, ఆ మేరకు గడ్డి పెంచండి. ఇక జీను. స్వారీ అయ్యాక జీను దించి వీపు చూడండి, చెమట తడి మధ్యలో పొడిగా మిగిలిన మచ్చ కనిపిస్తే అక్కడ జీను నొక్కుతోందన్న అనుమానం రావాలి.

పగ్గం లాగితే దూసుకుపోతుందన్నారు కదా, రేసుల్లో దానికి నేర్పిందే అది. జాకీ పగ్గాలు బిగబట్టేకొద్దీ దాని మీద ఆనుకుని ఇంకా వేగంగా పరిగెత్తడం అలవాటైంది, అంటే పాపం అది మీ మాట కాదనడం లేదు, తనకు తెలిసినట్టు వింటోంది. అలిసేదాకా తిప్పమన్న సలహా కూడా ఇలాంటి గుర్రానికి పనికిరాదు, దమ్ము పెరుగుతుందే తప్ప మనసు కుదుటపడదు, నెల తిరిగేసరికి అలిసేదాకా అంటే ఇప్పటికి రెట్టింపు తిప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు అసలు మాట చెప్తాను, కాస్త కష్టంగా ఉంటుంది. అందరూ నిలబడి చూస్తున్న ఆ ట్రాట్‌లో చాలా భాగం టెన్షనే. వీపు బిగుసుకుపోయిన గుర్రం నేల మీద కాలు ఆనించడానికే ఇష్టపడనట్టు గాల్లో ఆపి ఆపి వేస్తుంది, చూడ్డానికి తేలిపోతున్నట్టు ఉంటుంది. ఒళ్లు వదులయ్యేకొద్దీ ఆ మెరుపు తగ్గి కొన్ని నెలలు మామూలు గుర్రంలా కనిపిస్తుంది, చూసినవాళ్లు పాడు చేశావంటారు కూడా. ఆ మాటలకు బెదిరి మళ్లీ పాత ట్రాట్ కోసం తొందరపెడితేనే నిజంగా పాడవుతుంది. దానికి సత్తా ఉందనడంలో నాకు అనుమానం లేదు, కానీ ఆ సత్తా వీపులోంచి రావాలి.

నడకతో మొదలుపెట్టండి, ఎండ ముదరకముందే. మీ ఎర్రనేల మీద పైపుతో కొంచెం నీళ్లు చల్లి, వదులు పగ్గంతో నడిపించి, దిగి డెక్కల గుర్తులు చూడండి. వెనక కాలి గుర్తు ముందు కాలి గుర్తును దాటి పడితే ఒళ్లు వదులవుతున్నట్టే, వెనకే ఆగిపోతే ఆరోజు ట్రాట్ జోలికి పోకండి. నడకలో నాలుగు డెక్కల చప్పుళ్లూ సమానంగా, విడివిడిగా వినబడాలి. అది కుదిరాక 20 మీటర్ల వలయంలో నిదానంగా ట్రాట్, పది పన్నెండు అడుగులకోసారి నడకలోకి, మళ్లీ ట్రాట్‌లోకి. మధ్యమధ్యలో లోపలి వైపు పగ్గం ఒక్క రెండడుగులు పూర్తిగా వదిలేసి చూడండి. వేగం పెంచకుండా మెడ ముందుకు, కిందికి చాచిందంటే మీ చేతిని నమ్ముతోందన్నమాట. ముక్కుతో బుస్సుమని గాలి వదిలినా మంచిదే, అప్పుడే మెడ నిమిరి ఆపేయండి, బాగా చేస్తోంది కదా అని ఇంకో పది నిమిషాలు లాగొద్దు.

మోటారు షెడ్డు దగ్గరికి బలవంతంగా తీసుకెళ్లొద్దు. అది బెదరని దూరంలోనే తల కాస్త షెడ్డుకు అవతలి వైపు తిప్పి ఉంచి దాటించండి, ఆ దూరాన్ని రోజురోజుకూ కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రండి.

పోటీకి తొందరేముంది? డ్రెస్సేజ్‌లో అన్నిటికంటే పై స్థాయి అయిన గ్రాండ్ ప్రీ ఆడాలంటే గుర్రానికి కనీసం 8 ఏళ్లు ఉండాలని అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్యే నియమం పెట్టింది, మీదానికి ఐదే. వచ్చే ఏడాది బెంగళూరులో ఎక్కడైనా పోటీ జరుగుతుంటే పేరు ఇవ్వకుండా, నిర్వాహకులను అడిగి ఊరికే తీసుకెళ్లండి. మైకులు, జెండాలు, కొత్త గుర్రాల మధ్య చేత్తో పట్టుకుని నడిపించండి. అక్కడ గడ్డి తిని, నీళ్లు తాగి, వదులు పగ్గంతో నడవగలిగితే ఆ తర్వాతి పోటీకి చిన్న స్థాయి టెస్టులో పేరు ఇవ్వండి.