గుంటను లోతు చేస్తే సాలమాండర్లకు మేలేనా?

ప్రశ్న: కొండల మీద సాలమాండర్లు (బల్లిలా కనిపించే, కప్పల్లాంటి ఉభయచర జీవులు) గుడ్లు పెట్టే గుంటలు వానలు వెళ్లిపోయాక ఎండిపోతాయట కదా. వాటిని లోతుగా తవ్వించి, చుట్టూ సిమెంటు గోడ కట్టి, ఏడాదంతా నీళ్లుండేలా చేస్తే మంచిదేనా?

జవాబు: మీ ఉద్దేశం మంచిదేనండీ, కానీ దయచేసి ఆ పని మాత్రం ఎవరూ చేయకండి. ఏడాదంతా నీళ్లుంటే చేపలు బతుకుతాయి, వాటంతటవి రాకపోయినా ఎవరో ఒకరు తెచ్చి వదులుతారు, ఇక సాలమాండర్ గుడ్లూ పిల్లలూ వాటి పాలే. గుంట ఎండడమే వాటికి రక్ష.

హిమాలయన్ సాలమాండర్ సంగతి చూడండి. తూర్పు నేపాల్, డార్జిలింగ్, సిక్కిం కొండల్లో ఉండే దీన్ని వేరే జాతిగా గుర్తించింది 2015లోనే. ఏడాదిలో ఎక్కువ రోజులు నేలమీదే, పుచ్చిన దుంగల కింద, రాళ్ల సందుల్లో, రాలిన ఆకుల్లో గడిపి, వానలు పడ్డాక లోతులేని నీళ్లలోకి దిగుతుంది. మునిగిన గడ్డిపరకలను దగ్గరగా చూస్తే గుడ్లు కనిపిస్తాయి, తేటగా ఉండే జిగురు ముద్ద, మధ్యలో నల్లటి చుక్క. పిల్లలకు తలకు రెండు పక్కలా మొప్పలు ఈకల్లా బయటికే ఉంటాయి. ఆ మొప్పలు పోయి పిల్లలు ఒడ్డెక్కేదాకా నీళ్లుంటే చాలు. సిమెంటు గోడ కట్టారా, గుడ్లు అంటించడానికి గడ్డి ఉండదు, ఆ నిటారు గోడ ఎక్కి బయటపడటం పిల్లల వల్ల కాదు.

అన్నిచోట్లా ఇదే లెక్క కాదులెండి. అమెరికాలోని కాస్కేడ్ పర్వతాల్లో బాగా ఎత్తున ఉండే లాంగ్-టోడ్ (పొడవాటి వేళ్ల) సాలమాండర్ పిల్లలు చలికి మెల్లగా ఎదుగుతాయి, శీతాకాలం కూడా నీళ్లలోనే గడపాలి, అందుకని వాటికి ఎండిపోని సరస్సే కావాలి. జలపాతాలు అడ్డుండటం వల్ల అలాంటి చాలా సరస్సుల్లోకి ఒకప్పుడు చేపలు వచ్చేవే కావు. గాలం వేసే సరదా కోసం మనుషులే ట్రౌట్ చేపల్ని తెచ్చి వదిలారు, దాంతో సాలమాండర్లు బాగా తగ్గిపోయాయి. అమెరికాలోనే మోంటానా రాష్ట్రంలోని బిటర్‌రూట్ కొండల్లో చేపలు అంతరించిన కొన్ని సరస్సులకు మాత్రం ఇవి తిరిగొచ్చాయి, నాకు ఎంతో ఆశ కలిగించే విషయం అది!

వానలు ముందే ఆగిపోయి గుంట తొందరగా ఎండితే ఆ ఏటి పిల్లలు చచ్చిపోతాయి, నిజమే. అయితే పెద్దవి చాలా ఏళ్లు బతుకుతాయి కాబట్టి మరుసటి వానలకు మళ్లీ గుడ్లు పెడతాయి. ఏదైనా చేయాలనుంటే గుంట చుట్టూ ఉన్న చెట్లనూ పడిపోయిన దుంగలనూ కదపకుండా చూడండి, పైనున్న తోటల పురుగుమందు నీళ్లు అందులోకి కారకుండా ఆపండి.