గాలి గురించి రాసేటప్పుడు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

ఆర్థికాభివృద్ధికీ వాయు కాలుష్యానికీ గల సంబంధం మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. శైలి బాగుంది. కానీ "దేశం ఎదిగేటప్పుడు గాలి చెడుతుంది, సంపన్నమయ్యాక దానంతటదే బాగుపడుతుంది" అన్న వాక్యంలో 'దానంతటదే' అన్న మాట తప్పక కొట్టివెయ్యి.

దేశం ఎదిగేకొద్దీ ఆదాయ అసమానతలు మొదట పెరిగి తర్వాత తగ్గుతాయని ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ 1955లో చేసిన ప్రతిపాదనను బట్టి, కాలుష్యం ఇలా పెరిగి తగ్గుతుందన్న వాదానికి పర్యావరణ కుజ్నెట్స్ వక్రరేఖ అని పేరు వచ్చింది. ఆర్థికవేత్తలు జీన్ గ్రాస్‌మన్, అలన్ క్రూగర్ 1991లో పలు దేశాల నగరాల్లోని సల్ఫర్ డయాక్సైడ్, పొగ కొలతలను తలసరి ఆదాయంతో పోల్చినప్పుడు, కొంత ఆదాయం వరకు పెరిగిన కాలుష్యం ఆ తర్వాత తగ్గడం గమనించారు. అయితే ఆ తగ్గుదల యాంత్రికంగా జరిగిపోతుందని నమ్మడానికి ఆధారం లేదని 1995లో వారే హెచ్చరించారు. ఈ హెచ్చరికను చాలామంది వదిలేస్తారు, నువ్వు వదలకు.

లండన్ సంగతే చూడు. 1952 డిసెంబరులో బొగ్గు పొగ మంచుతో కలిసి అయిదు రోజులు నగరాన్ని కమ్మేసి, తొలి అంచనాల ప్రకారమే సుమారు 4,000 మందిని బలిగొన్న నాటికి బ్రిటన్ పేద దేశమేమీ కాదు. గాలిని మార్చింది 1956 నాటి చట్టం: పొగ నియంత్రణ ప్రాంతాల్లో పొగరాని ఇంధనమే వాడాలన్నారు, ఇళ్లలో పొయ్యిలు మార్చుకునే ఖర్చులో అధిక భాగాన్ని ప్రజాధనం నుంచి భరించారు. చైనా అయితే సంపన్న దేశాల ఆదాయ స్థాయికి ఎంతో దిగువన ఉండగానే 2013లో కార్యాచరణ ప్రణాళిక చేపట్టింది. బీజింగ్‌లో పీఎం 2.5 (ఊపిరితిత్తుల లోతుకు చేరే అతిసూక్ష్మ ధూళికణాలు) వార్షిక సగటు ఘనపు మీటరుకు సుమారు 90 మైక్రోగ్రాముల నుంచి 2017 నాటికి 58కి దిగింది.

కాలుష్యాలన్నిటినీ ఒకే గాటన కట్టకు. కట్టెలు, పిడకలు కాల్చే వంటింటి పొగ పేదరికంతో వచ్చేది; గ్యాస్ అందగానే తగ్గుతుంది. అందుకే వక్రరేఖ ఆరంభంలో గాలి నిర్మలంగా ఉంటుందనుకోవడం పొరపాటు. సల్ఫర్‌ను చిమ్నీ దగ్గరే పట్టవచ్చు. కార్బన్ డయాక్సైడ్ పీల్చేవారిని వెంటనే బాధించదు కనుక దానిపై ప్రజల ఒత్తిడీ ఆలస్యంగానే వస్తుంది. సంపన్న దేశం తన కర్మాగారాల పనిని మరో దేశానికి తరలించి, అక్కడ తయారైన సరుకును దిగుమతి చేసుకుంటే, ఆ పొగ ఎవరి ఖాతాలో రాయాలన్నది కూడా ఆలోచించు.

చివరగా నీ పట్టిక గురించి. పేద దేశాలు చాలావాటిలో కొలత కేంద్రాలు బహు తక్కువ. ఏ అంకె నేలమీది యంత్రం చూపిందో, ఏది ఉపగ్రహాల ఆధారంగా వేసిన అంచనానో పాఠకుడికి తెలిసేలా గుర్తుపెట్టి, సవరించిన ప్రతి పంపు.